రాయి తీసే పని

ఆ కోతల కాలందాకా మా ఇంట్లో ఎవరి పని వాళ్ళకు ఉండేది. ట్రాక్టరు తోలడం బావది. ఇల్లు నడపడం అక్కది. చక్రం కింద రాయి తీయడం నాది.

రాయి అని నవ్వొద్దు. మా ట్రాక్టరు బ్యాటరీ చచ్చిపోయి చాలా కాలమైంది. తాళం తిప్పితే కుయ్యిమనేది కాదు. అందుకని బావ ఇంటి ముందు మట్టి, ఇటుక ముక్కలు, కూలిన గోడ పెళ్ళలు పోసి ఒక మెరక కట్టాడు. సాయంత్రం ట్రాక్టరును దాని మీదికి ఎక్కించి, ముక్కు వీధి వైపు పెట్టి ఇంజిన్ ఆపేవాడు. పెద్ద చక్రానికి అడ్డంగా నేను రాయి పెట్టేవాణ్ణి. పొద్దున బావ సీటెక్కి, గేరు వేసి, క్లచ్ తొక్కి "లాగరా" అనేవాడు. నేను లాగేవాణ్ణి. ట్రాక్టరు పల్లానికి జారి ఊపందుకోగానే బావ క్లచ్ వదిలేవాడు. ఇంజిన్ ఒకసారి దగ్గి, ఇంత నల్లపొగ కక్కి, అందుకునేది.

"చూశావా? దీనికి బ్యాటరీ ఎందుకు? భూమే బ్యాటరీ," అనేవాడు బావ. వీధిలో ఎవరైనా వింటుంటే ఇంకాస్త గట్టిగా అనేవాడు.

పొలం దగ్గరా అంతే. ఏ గట్టు ఎత్తు, ఏ దారి వాలు అన్నది బావకు కంఠతా వచ్చు. ఎక్కడికి పోయినా ముందు పల్లం చూసుకునేవాడు, తర్వాతే మనుషుల్ని పలకరించేవాడు. చుట్టాలింటికి వెళ్ళి ట్రాక్టరు వాళ్ళ వాకిట్లో పెట్టకుండా వీధి చివర దిబ్బ దాకా పోయి, అక్కడినుంచి నడిచి వచ్చిన మనిషి.

నేను వాళ్ళింట్లోనే ఉండేవాణ్ణి. పెళ్ళి లేదు. అక్క పెట్టింది తినడం, బావ చెప్పింది చేయడం. వాళ్ళిద్దరూ బాగా మాట్లాడతారు. మూడో మనిషి మాట ఆ ఇంట్లో ఇరుకు.

కోతలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున మంచు బాగా పట్టింది. బావ "లాగరా" అన్నాడు. లాగాను. ట్రాక్టరు జారింది. బావ క్లచ్ వదిలాడు. ఇంజిన్ దగ్గింది గానీ అందుకోలేదు. మళ్ళీ తొక్కి మళ్ళీ వదిలాడు. ఈలోగా వీధి అయిపోయింది. బ్రేకు తొక్కితే తడి నేల మీద చక్రాలు అలాగే జారి, ఎదురింటి టైలరు అరుగు ఎక్కి ఆగాయి.

టైలరు దారపు ఉండ కోసం అప్పుడే లోపలికి వెళ్ళాడు. ఆయన కూర్చునే ముక్కాలి పీట మాత్రం చక్రం కింద పేడులు పేడులుగా ఉంది. ఆయన బయటికి వచ్చి పీటను చూశాడు, చక్రాన్ని చూశాడు.

"కొలతలు తీసేవాణ్ణి నేను. నా కొలతలు మీరు తీయడం ఏంటండీ?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ గుమ్మం వదిలి ముందుకు రాలేదు.

అక్క తడి చేతులతో బయటికి వచ్చింది. ఆ పీటను చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"తమ్ముడూ, మీ బావతో చెప్పు. ఆ బండికి బ్యాటరీ వచ్చేదాకా నాకూ ఆయనకూ మాటల్లేవు."

బావ అక్కడే ఉన్నాడు. చెయ్యి చాస్తే అందేంత దూరం.

"మీ అక్కతో చెప్పరా. కోతల్లో కబుర్లు చెప్పుకునే తీరిక నాకూ లేదని."

అలా వాళ్ళిద్దరి మాటల మోపు నా నెత్తిన పడింది. అన్నం దగ్గర కూర్చుంటే బావ కంచం చూస్తూ, "కూరలో ఉప్పు తగ్గిందని చెప్పు" అనేవాడు. నేను అక్క వైపు తిరిగేవాణ్ణి. "తగ్గిందటక్కా." "డబ్బా ఎదురుగానే ఉందని చెప్పు." "బావా, డబ్బా..." "విన్నాన్లేరా, నాకేం చెవుడు లేదు." జన్మలో అన్ని మాటలు ఆడి ఎరగను. సాయంత్రానికి దవడలు నొప్పి పుట్టేవి.

మా చేను వాగుకు అవతల ఉండేది. ఆ ఏడు మొక్కజొన్న వేశాం. కంకులు విరిచి చేలోనే కుప్ప పోశాం. వాటిని వాగు దాటించి ఇంటి పక్క రేకుల షెడ్డులోకి చేర్చాలి. వానాకాలం ఇంకా దూరమే గానీ, ఆకాశం ఆ సంగతి మరిచిపోయినట్టుంది. రోజూ మధ్యాహ్నానికి పై మెట్టల మీద మబ్బు నల్లగా పేరుకునేది. కంకులు తడిస్తే బూజు పడతాయి, మొలకెత్తుతాయి. ఏడాది తిండి అదే, వచ్చే ఏటి విత్తనమూ అదే. ఆ కుప్పకూ షెడ్డుకూ మధ్య ఉన్నది ఒక్క ట్రాక్టరు. దాన్ని తోలేది బావ ఒక్కడు.

చివరికి బావ బ్యాటరీ కొనడానికి ఒప్పుకుని, కొట్టుకు నన్ను కూడా తీసుకుపోయాడు.

కొట్టాయన చేతులు ఆసిడ్‌కు మచ్చలు పడి ఉన్నాయి. ఏ బండికని అడిగాడు. బావ చెప్పాడు. ఆయన అరలన్నీ చూసి పెదవి విరిచాడు.

"ట్రాక్టరువన్నీ నిన్ననే అయిపోయాయండీ. కోతల కాలం కదా. రెండ్రోజులు ఆగితే తెప్పిస్తా."

"రెండ్రోజులా? ఆకాశం చూశావా?"

"నేను చూస్తే ఆగుతుందా అండీ?"

బావ కాలుగాలిన పిల్లిలా కొట్టంతా తిరిగాడు. ఒక మూల చిన్న బ్యాటరీ ఒకటి ఉంది, కారుకు వేసేది. దాన్ని ఒంటిచేత్తో లేపి చూశాడు.

"ఇది పన్నెండు వోల్టులేగా? మాది కూడా పన్నెండే."

"వోల్టులు ఒకటే. తోపు వేరు," అన్నాడు కొట్టాయన. "కారు ఇంజిన్ గిల్లితే లేస్తుంది. మీ డీజిల్ ఇంజిన్‌ను మెడబట్టి గుంజాలి. పైగా దీని లోపలి రేకులు పల్చన. మీ బండి కుదుపులకు ఎన్నాళ్ళు ఆగుతాయో నేను చెప్పలేను."

అప్పుడు నాకు గోడవారన నల్లగా, ఎత్తుగా నిలబడి ఉన్న ఒక బ్యాటరీ కనిపించింది. కదిపి చూశాను. కదల్లేదు. నా నడుము పట్టినంత పనైంది.

"బావా, ఇది తీసుకుందాం," అన్నాను.

"అది ఇంట్లో ఇన్వర్టర్‌దండీ," అన్నాడు కొట్టాయన.

"బరువుంది. బరువుంటే బలముంటుంది," అన్నాను.

బావ పకపకా నవ్వాడు. "వీడు నోరు తెరవడు తెరవడు, తెరిస్తే ఇదీ వరస. ట్రాక్టరుకు ఫ్యాన్లు, లైట్లు పెట్టిస్తావేంట్రా? నీకంత ముచ్చటైతే నీ ట్రాక్టరుకు కొనుక్కో."

నాకు ట్రాక్టరు లేదని ఆ కొట్లో అందరికీ తెలిసింది. నేను ఆ నల్ల బ్యాటరీని వదిలి నిలబడ్డాను. బావ కారు బ్యాటరీ సంచిలో వేసుకున్నాడు.

ఇంటికొచ్చి బిగించబోతే అది పెట్టెలో కుదురుగా నిలవలేదు. పాత బిగింపు పట్టీకి అందలేదు. బావ పక్కన ఒక చెక్కముక్క దోపి, సైకిల్ ట్యూబుతో చుట్టి కట్టాడు. ఇంకో తిరకాసు వచ్చింది. మా పాత బ్యాటరీకి ప్లస్సు ఒక వైపు ఉంటే దీనికి రెండో వైపు. కేబుల్‌ను సాగదీసి, అడ్డంగా లాగి, ఎలాగో తగిలించాడు. అది వాయించడానికి బిగించిన తీగలా ఉంది.

అక్క గుమ్మంలో నిలబడి అంతా చూసింది.

"అది బ్యాటరీనా, టిఫిన్ డబ్బానా? అడగరా మీ బావని."

బావ సీటెక్కి తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకు ఇంజిన్ అందుకుంది. బావ మా ఇద్దరినీ చూసి, హారన్ కూడా కొట్టాడు. ఎదురింటి టైలరు చప్పట్లు కొట్టాడు.

"ఇంక మాట్లాడమని చెప్పు మీ అక్కని!"

"ఈ కంకులన్నీ ఇంటికి రానీ, మాట్లాడతానని చెప్పు," అంది అక్క. లోపలికి వెళ్ళిపోయింది.

మొదట్లో బాగానే నడిచింది. కంకులు ఒక్కో ట్రాలీ చొప్పున వాగు దాటి ఇంటికి వస్తున్నాయి. బావ ఈల వేస్తూ తోలేవాడు. నేను ట్రాలీలో కంకుల మీద కూర్చునేవాణ్ణి. అక్క చేలో మంచివి, పుచ్చువి వేరు చేసేది. విత్తనానికి పనికొచ్చే పొడుగాటి కంకులన్నీ ఏరి ఒక పక్క చిన్న కుప్ప పెట్టింది. వాటిని చివర్లో తనే దగ్గరుండి తెస్తానంది.

రోజులు గడిచేకొద్దీ, తాళం తిప్పినప్పుడు ఇంజిన్‌ను లేపే సెల్ఫ్ మోటారు చప్పుడు మారింది. మొదట గిర్రున తిరిగేది. తర్వాత గుర్రు గుర్రుమంది. ఆ తర్వాత నిద్రలోంచి లేవలేని మనిషిలా మూలిగి మూలిగి తిరిగేది. దుక్కి కయ్యల్లో కుదుపుకొకసారి ఆ చెక్కముక్క పక్కకు జరిగేది. బావ బూటుకాలితో మళ్ళీ లోపలికి తన్నేవాడు.

"బావా, తిరగడం తగ్గింది," అన్నాను ఒక పొద్దున.

"ఏడాదికో మాట మాట్లాడతావు. అదీ అపశకునమేనా?"

ఆ తర్వాత బావ ఇంజిన్ ఆపడం మానేశాడు. డీజిల్ ఇంజిన్ ఒకసారి అందుకుంటే దానికి బ్యాటరీతో పనిలేదు, తాగేంత నూనె ఉంటే చాలు. అన్నం తినేటప్పుడూ అది పక్కన డబడబా కొట్టుకుంటూనే ఉండేది. అక్క ఆ చప్పుడు మీదుగా నాతో అరిచేది.

"ఎందుకు ఆపడో అడుగు!"

"ఎందుకు ఆపవు బావా?"

"చలేస్తోందని చెప్పు!"

ఎండ మాడిపోతోంది. అక్క ముద్ద నోట్లో పెట్టుకోకుండా బావ వైపు చూసింది. బావ తల దించుకుని తిన్నాడు. సాయంత్రం ఇంటికి వచ్చాక ట్రాక్టరు మళ్ళీ మెరక ఎక్కింది. నేను ఏమీ అడక్కుండా రాయి తెచ్చి పెట్టాను.

చివరి ట్రాలీ రోజు మబ్బు పొద్దున్నే పట్టింది. మా మీద చినుకు లేదు గానీ పై మెట్టలు కనిపించడం లేదు. అక్కడ కుండపోత అని తెలుస్తూనే ఉంది. ట్రాలీ నింపాం. అడుగున మామూలు కంకులు, పైన అక్క ఏరిన విత్తనం కంకులు. అక్క వాటి మీద గోనెపట్టాలు కప్పి తాళ్ళతో తనే బిగించింది. వచ్చి మడ్‌గార్డు మీద కూర్చుంది, బావకు రెండో వైపు మొహం పెట్టి.

వాగులో పొద్దున పాదం తడిసేంత నీళ్ళు. ఇప్పుడు చీలమండ దాటాయి, రంగు మారాయి. నేను కర్రతో ఇసుక పొడుచుకుంటూ ముందు నడిచాను. బావ నా వెనకే నెమ్మదిగా తోలుకొచ్చాడు. సగం దాటాం.

కర్రకు గట్టిగా తగిలిన ఇసుక చక్రానికి తగల్లేదు. ఎడమ పక్క పెద్ద చక్రం కిందికి దిగింది. బావ నూనె ఎక్కువ ఇచ్చాడు. చక్రం ఇంకా తవ్వుకుంది. "వద్దు బావా" అనేలోపే ట్రాలీ బరువు వెనక్కి గుంజింది. ఇంజిన్ రెండు సార్లు తన్నుకుని ఆగిపోయింది.

అన్నాళ్ళుగా ఆగకుండా విన్న చప్పుడు ఆగితే ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. నీళ్ళ చప్పుడు ఒక్కసారిగా దగ్గరికి వచ్చింది.

బావ తాళం తిప్పాడు. టక్‌మంది. మళ్ళీ తిప్పాడు. టక్. అంతే.

నేను బానెట్ ఎత్తాను. చెక్కముక్క ఎక్కడ పడిపోయిందో లేదు. బ్యాటరీ పక్కకు ఒరిగి ఉంది. సాగదీసిన ఆ ప్లస్సు కేబుల్ బ్యాటరీ సీసపు మొన మీద నుంచి సగం పైకి లేచి ఉంది. దాన్ని కిందికి అదిమి పట్టుకున్నాను. "తిప్పు బావా." ఒక్కసారి గుర్రుమని, మళ్ళీ ఊపిరి వదిలేసింది.

బావ చుట్టూ చూశాడు. ముందుకు, వెనక్కి, పక్కలకు. ఏం వెతుకుతున్నాడో నాకు తెలుసు. పల్లం వెతుకుతున్నాడు. వాగు అడుగున పల్లం ఎక్కడుంటుంది? మేము ఉన్నదే అన్నిటికంటే పల్లం.

ముందు చక్రం బోల్టులు నీళ్ళలో ఒక్కొక్కటే మునుగుతున్నాయి. సెల్ఫ్ మోటారు కిందుగా ఉంటుంది. నీళ్ళు దాన్ని అందుకుంటే ఇక కారు బ్యాటరీ అయినా ఏ బ్యాటరీ అయినా ఒకటే. బావ ఒళ్ళంతా స్టీరింగ్ మీద వాల్చి కూర్చున్నాడు.

అక్క మడ్‌గార్డు దిగింది. నీళ్ళు మోకాళ్ళకు వచ్చాయి.

"ఏమండీ," అంది.

బావ ఉలిక్కిపడ్డాడు. పీట విరిగిన రోజు తర్వాత ఆ పిలుపు అదే మొదటిసారి.

"ట్రాలీ వదిలేద్దాం."

"విత్తనం మొత్తం అందులోనే ఉంది," అన్నాడు బావ.

"నేనే ఏరాను. నాకు తెలీదా? దిగండి."

బావ దిగాడు. ట్రాక్టరుకూ ట్రాలీకీ మధ్య ఉండే పిన్ను పట్టుకుని లాగాడు. సుత్తితో కింద నుంచి కొట్టాడు. కదల్లేదు. ట్రాలీ వెనక్కి గుంజుతూ ఉంటే పిన్ను ఎలా వస్తుంది? ట్రాక్టరు కాస్త వెనక్కి వాలితే వదులవుతుంది. వాలాలంటే ఇంజిన్ కావాలి. మళ్ళీ అక్కడికే వచ్చాం.

బావ సుత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కాసేపటికి, "గాలి లివరు," అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

మాది పాత బండి. ఇంజిన్ పక్కన ఒక లివరు ఉండేది. దాన్ని లాగి పట్టుకుంటే ఇంజిన్ లోపల గాలి నొక్కుకోదు, బయటికి పోతుంది. అప్పుడు ఇంజిన్ తేలిగ్గా, ఉత్తుత్తిగా తిరుగుతుంది. వేగం అందుకున్నాక లివరు వదిలితే, అదృష్టం ఉంటే, అంటుకుంటుంది. ఎవరూ వాడక అది తుప్పు పట్టి ఉంది. బ్యాటరీలో మిగిలింది ఒక్కసారికి వస్తే వస్తుంది. రెండోసారికి రాదు.

లివరు ఒకళ్ళు లాగాలి. కేబుల్ ఒకళ్ళు పట్టుకోవాలి. తాళం ఒకళ్ళు తిప్పాలి.

"నువ్వు సీటెక్కు," అన్నాడు బావ అక్కతో.

"నాకు రాదు."

"క్లచ్ తొక్కి పట్టు. రెండు కాళ్ళతో తొక్కు. నేను అన్నప్పుడు తాళం తిప్పు. ఆపమనేదాకా ఆపకు."

అక్క ఎక్కింది. రెండు పాదాలూ క్లచ్ మీద పెట్టి సీటు అంచుకు జరిగింది. బావ రెండు చేతులతో లివరు లాగాడు. అది కదిలేటప్పుడు ఆయన మెడ నరాలు ఉబ్బాయి. నేను కేబుల్ అదిమాను.

"తిప్పు!"

గుర్రు... గుర్రు... ఇంజిన్ తిరగసాగింది. బరువు లేకుండా, ఖాళీ డబ్బాలా. నా వేళ్ళ కింద సీసం వేడెక్కింది.

"వదలకురా!"

నేను వదల్లేదు. చర్మం చురుక్కుమంటోంది. తిరగడం కొంచెం పెరిగింది. ఇంకొంచెం పెరిగింది. బావ ఇంకా లివరు పట్టుకునే ఉన్నాడు. అక్క పళ్ళు బిగించి తాళం వైపే చూస్తోంది. తిరగడం తగ్గడం మొదలైంది. సరిగ్గా అప్పుడు బావ లివరు వదిలాడు.

ఒక దగ్గు. తెల్లపొగ. ఇంకో దగ్గు. ఆగిపోయిందనే అనుకున్నాను. తర్వాత ఒకదాని మీద ఒకటి పడి లేచినట్టు, డబ్, డబ్, డబడబా.

బావ పరుగున వచ్చి అక్క మోకాలి పక్క నుంచి చెయ్యి పెట్టి వెనక గేరు వేశాడు.

"క్లచ్ వదులు. వెంట్రుకంత."

ట్రాక్టరు వెనక్కి వాలింది. బావ వెనక్కి పోయి పిన్ను లాగాడు. వచ్చింది.

"తొక్కు! ఒరేయ్, ముందు గేరు వెయ్!"

గేరు నేను వేశాను. బావ వెనకాల, చక్రం తవ్విన గుంటలో నడుం లోతు నీళ్ళలో ఉన్నాడు. ఇక ఎవరూ చోట్లు మారే వీల్లేదు.

"తోలు!" అని అరిచాడు.

"ఎటు?"

"గట్టు మీద ఆ పొద ఉంది చూడు! దాని మొహాన పోనీ!"

అక్క క్లచ్ ఒక్కసారిగా వదిలేసింది. ముందు చక్రాలు లేచి పడ్డాయి. బరువు లేని ట్రాక్టరు గుంటలోంచి ఎగిరినట్టు బయటికి వచ్చింది. నేను మడ్‌గార్డు పట్టుకుని వేలాడాను. బావ వెనక కొక్కెం పట్టుకుని ఈడ్చుకుంటూ వచ్చాడు. గట్టెక్కాం. పొద మీదుగా ఎక్కాం.

వెనక్కి తిరిగి చూస్తే ట్రాలీ ఒక పక్కకు ఒరిగింది. పట్టాల కింద నుంచి ఒక కంకి బయటికి వచ్చి తేలింది. తర్వాత నాలుగైదు. తర్వాత వాగంతా పసుపు పచ్చగా కంకులు, ఒకదాని వెనక ఒకటి, నెమ్మదిగా పోయాయి.

అక్క తల తిప్పి ఒక్కసారి చూసింది. అంతే.

"ఇది ఆపడం ఎలా?" అంది.

"ఆపకు!" అని అరిచాడు బావ వెనకనుంచి. "ఆపావంటే మళ్ళీ అందుకోదు!"

ఆపలేదు. చేల మధ్య నుంచి ఇంటిదాకా తోలింది. బావ తడిబట్టలతో ముందు పరుగెడుతూ, దారిలో వచ్చేవాళ్ళను చేతులు ఊపి పక్కకు తోలుతూ వచ్చాడు. వీధి మలుపు తిరగగానే టైలరు మమ్మల్ని చూశాడు. సీట్లో ఎవరున్నారో చూశాడు. కొత్త పీట చంకన పెట్టుకుని లోపలికి పోయి తలుపేసుకున్నాడు. అక్క మెరక ఎక్కించలేదు. ఇంటి ముందు చదునులో, గుమ్మానికి ఎదురుగా ఆపింది. ఇంజిన్ ఆగిపోయింది. ఎవరూ దాన్ని ఏమీ అనలేదు.

ఆ పూట అన్నం దగ్గర బావ చాలాసేపు తిన్నాక, "ఉప్పు సరిపోయింది," అన్నాడు.

నేను అలవాటుగా అక్క వైపు తిరిగాను.

"సరేలెండి," అంది అక్క, తిన్నగా ఆయనతోనే. నా కాలిన వేళ్ళకు వెన్న రాస్తోంది.

వాగు తీశాక ట్రాలీని తెచ్చుకున్నాం, తిరగబడి ఇసుకలో కూరుకుపోయి ఉంది. విత్తనం మాత్రం పోయింది. తర్వాతి ఏడు ఇతరుల దగ్గర విత్తనం తెచ్చి వేశాం. పంట పలచగానే వచ్చింది.

కొట్టుకు మాత్రం ట్రాలీ తెచ్చుకున్న వారంలోనే వెళ్ళాం, ఈసారి ముగ్గురం. వెళ్ళేముందు అక్క టైలరును పిలిచి, ట్రాక్టరులో బ్యాటరీ కూర్చునే పెట్టెకు టేపుతో కొలతలు తీయించింది. ఆయన చంక, నడుము కొలిచినంత శ్రద్ధగా కొలిచి, ఒక గుడ్డముక్క మీద సుద్దతో రాసి, ప్లస్సు ఏ వైపు ఉండాలో అక్కడ చిన్న కుట్టు గుర్తు కూడా పెట్టి ఇచ్చాడు. "వదులుగా కావాలా, బిగుతుగా కావాలా?" అని అడిగాడు. "బిగుతుగా," అంది అక్క.

కొట్టాయన బావ మొహం చూశాడు. ట్రాక్టరు బ్యాటరీలు వచ్చి అరలో ఉన్నాయి. అక్క ఏదీ ముట్టుకోలేదు. ఎన్ని వోల్టులనీ అడగలేదు, ఎంత బరువనీ అడగలేదు.

"ఒక్క క్షణం గట్టిగా గుంజాలి. ఆ తర్వాత రోజంతా కుదుపులు ఓర్చుకోవాలి. అలాంటిది కావాలి," అంది.

"ఇలా అడిగితే నాకు పనే లేదమ్మా," అని కొట్టాయన గుడ్డముక్క చూసి ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. కారుదానికంటే పెద్దది. నేను కదపలేకపోయిన నల్లదానికంటే చిన్నది. "దీని రేకులు మందం. గట్టిగా తోస్తుంది, కుదుపులకు ఆగుతుంది. పట్టీ మాత్రం తప్పకుండా బిగించుకోండి. చెక్కముక్కలు దోపొద్దు."

బావ అరలోని పక్క సామాను చూడసాగాడు.

"మరి ఆ మూలది?" అని అక్క నా నల్ల బ్యాటరీని చూపించింది.

"అదా? అది నెమ్మదిగా, గంటల తరబడి ఇస్తూ కూర్చుంటుంది. కదపకూడదు. ఒక్కసారిగా గుంజమంటే దానివల్ల కాదు."

అక్క నన్ను చూసింది. తర్వాత కారు బ్యాటరీని చూసి, బావను చూసింది.

"ఈ రెండు రకాలూ మా ఇంట్లో ఉన్నాయి లెండి," అంది. "ఒకటేమో తిప్పగానే లేస్తుంది, నాలుగు కుదుపులకు పడుకుంటుంది. రెండోది మూలన కూర్చుంటే కూర్చున్నట్టే."

కొట్టాయన నవ్వు ఆపుకోవడానికి వెనక్కి తిరిగాడు. బావ నా వైపు చూశాడు, నేను బావ వైపు చూశాను. మేమిద్దరం ఒక పక్కన పడ్డది బహుశా అదే మొదటిసారి.

బ్యాటరీ పెట్టెలో కొలిచి కుట్టిన చొక్కాలా సరిపోయింది. కేబుల్ ఎక్కడా సాగలేదు. పట్టీని బావే బిగించాడు. మళ్ళీ మళ్ళీ బిగించాడు. తాళంచెవి అక్క వంటగది మేకుకు తగిలించింది. అది అక్కడ ఎందుకుందని బావ అడగలేదు.

మర్నాడు పొద్దున వంటగదిలోంచి తాళంచెవి చప్పుడు వినిపించి నేను బయటికి వచ్చాను. ట్రాక్టరు చదునులోనే ఉంది. కదిలే వీల్లేని నేల. అయినా పెద్ద చక్రానికి అడ్డంగా రాయి ఉంది. నేను పెట్టలేదు.

అక్క సీట్లో కూర్చుంది. నేను అలవాటు కొద్దీ చక్రం దగ్గరికి నడిచాను. అక్కడ అప్పటికే బావ ఉన్నాడు. వంగి, రాతి మీద రెండు చేతులూ పెట్టి, అక్క వైపు చూస్తున్నాడు. ఎప్పుడు లాగమంటుందా అని.

అక్క తాళం తిప్పింది. ఒక్క తిప్పుకే ఇంజిన్ అందుకుంది. బావ వంగినవాడు అలాగే ఉన్నాడు.

"రాయి తియ్యండి," అంది అక్క.

బావ దాన్ని లాగలేదు, ఎత్తాడు. రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని గోడదాకా మోసుకుపోయి దించాడు. నడుము పట్టుకుని నిలబడి రొప్పాడు.

"ఇంత బరువుందని ఎప్పుడూ చెప్పలేదేంరా?" అన్నాడు.

"నువ్వు అడగలేదుగా బావా," అన్నాను.